డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారు

ఆంగ్లవైద్యమున పట్టము పొందినవారు నాటువైద్యుని పాదములకడ శిష్యులై కూర్చుండుట నాటి మద్రాసులో వింతయే. డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారు ఆ పని చేసిరి. వీరు 1880లో పశ్చిమ గోదావరి ప్రాంతమందలి మాధవవరమున జన్మించి, మద్రాసు వైద్య కళాశాలలో చదివిరి. పిమ్మట ప్లేగు చికిత్సలో పేరుగన్న పండిత దీవి గోపాలాచార్యులవారి నాశ్రయించి ఆయుర్వేదము నేర్చిరి. 1920లో గురువు గతించినపిదప మద్రాసు ఆయుర్వేద కళాశాలను నడపిరి.

ఆ దినములలో యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులిద్దరు సంగ్రహణివలన కొలదికాలములోనే మరణించిరి. తిన్నది ఒంటబట్టక, రక్తము క్షీణించి మనిషి శుష్కించు రోగమది. సుబ్బారావుగారికిని అదియే పట్టుకొనెను. లక్ష్మీపతిగారి మందువలన ఆయన బ్రతికిరి. గ్రహణికి మజ్జిగ పథ్యము మన వేములపల్లి ముసలమ్మలును చెప్పుదురు, చరకుడును చెప్పెను. కాని ముదిరిన రోగమును వంటింటి చిట్కాలకు విడిచిపెట్టుట ప్రమాదకరము.

కోలుకొన్న ఆ యువకునికి లక్ష్మీపతిగారు తమ కళాశాలలోనే ఉపన్యాసక పదవి నిచ్చిరి. 1923లో ఆయన అమెరికా వెళ్ళిరి. 1945లో లెడర్లీ పరిశోధనశాలయందు ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. అది ఆ సంగ్రహణికే మందయ్యెను!

లక్ష్మీపతిగారు ఆవడిలో ఆరోగ్యాశ్రమము నెలకొల్పి, అభ్యంగనము, వ్యాయామము, పథ్యము ఔషధమంత ముఖ్యములని బోధించిరి. వారి భార్య రుక్మిణమ్మగారు 1930లో ఉప్పు సత్యాగ్రహమున జైలుకేగి, 1946లో మద్రాసు రాష్ట్ర ఆరోగ్యమంత్రిణి యైరి. సుబ్బారావుగారు 1948లోనే గతించిరి. ఆయనను బ్రతికించిన వైద్యుడు 1962 వరకు జీవించిరి.