పాండిత్యం మెట్లు దిగిన పండిత

1878లో కలకత్తా పండితులు ఇరవై ఏళ్ల యువతి సంస్కృత జ్ఞానాన్ని పరీక్షించి పండిత, సరస్వతి అనే బిరుదులిచ్చారు. వేదం వినే అర్హతే స్త్రీకి లేదన్న వ్యవస్థ ఒక స్త్రీని పండితగా అంగీకరించడం ఆనాడు పెద్ద వింత. ఆ బిరుదు మోసిన రమాబాయి శేష జీవితమంతా ఆ పాండిత్యపు మెట్లు దిగడంలోనే గడిచింది.

తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే చిత్పావన బ్రాహ్మణుడు. భార్యకు సంస్కృతం నేర్పి స్వకులం ఆగ్రహానికి గురైనవాడు. ఆ కుటుంబం తీర్థక్షేత్రాల్లో పురాణ పఠనం చేస్తూ బతికింది. శ్లోకాన్ని సంస్కృతంలో చదివితే చాలు, అర్థం చెప్పనక్కరలేదు; వింటేనే పుణ్యమని శ్రోతల నమ్మకం. కరవులో తల్లిదండ్రులు ఆకలికి బలయ్యారు. అర్థం కాని పవిత్ర గ్రంథం ఎవరి కడుపు నింపుతుందో, ఎవరిని మాడుస్తుందో ఆమె చిన్ననాడే చూశారు.

1880లో ఆమె శూద్రుడిగా పరిగణింపబడిన బిపిన్ బిహారీని పెళ్లాడారు. రెండేళ్లలోపే భర్త మరణించాడు. 1883లో ఇంగ్లండులోని వాంటేజ్‌లో క్రైస్తవం స్వీకరించారు. అయితే వినయమంటే విధేయత అనుకున్న ఆంగ్లికన్ సన్యాసినులకు ఆమె కొరుకుడు పడలేదు. త్రిత్వ సిద్ధాంతం మీద ప్రశ్నలడిగారు. బైబిలును తానే చదివి తేల్చుకుంటానన్నారు. అహంకారమని వారు అన్నారు. గ్రంథం ముందు తలవంచడం వేరు, దాని కాపలాదారుల ముందు తలవంచడం వేరు. ఈ తేడా తెలియని మతపెద్దలు అన్ని మతాల్లోనూ ఉన్నారు.

ఆమెలోని కుల పరిమితినీ దాచనక్కరలేదు. 1887 నాటి ఆమె ఆంగ్ల గ్రంథం అగ్రకుల హిందూ స్త్రీ గురించే. 1889లో స్థాపించిన శారదా సదనంలోనూ వంటగది కులాచారం ప్రకారమే నడిచేది. 1896-97 కరవు ఆ గోడను కూల్చింది. మధ్య పరగణాల నుంచి ఆమె తెచ్చిన వందల మంది బాలికల్లో అన్ని కులాలవారూ ఉన్నారు. పుణె దగ్గర కేడ్‌గావ్‌లోని ముక్తి ఆశ్రమం వారి కోసం విస్తరించింది.

బైబిలు అనువాదం ఆ బాలికల మధ్యే మొదలైంది. అప్పటి మరాఠీ బైబిలు సంస్కృత పదాలతో బరువెక్కింది. ఆ పదాల వెంట బ్రాహ్మణ తత్త్వం వచ్చి కూర్చుంటోందని ఆమె అభ్యంతరం. సంస్కృతం అంతగా తెలిసిన మనిషే ఆ మాట అనడం విశేషం. నడివయసు దాటాక హీబ్రూ, గ్రీకు నేర్చుకున్నారు, మళ్లీ అక్షరాల నుంచి. మూలానికి దగ్గరగా, పల్లె స్త్రీకి అందే మాటల్లో రాయాలని ఏళ్ల తరబడి శ్రమించారు. అచ్చు పని ఆశ్రమ స్త్రీలే చేశారు. శాస్త్రం తాకరాదన్న చేతులే సీసపు అక్షరాలు పేర్చాయి.

1922 ఏప్రిల్ 5న రమాబాయి మరణించారు. సంపూర్ణ గ్రంథం 1924లో వెలువడింది. చర్చిలు మాత్రం ఎక్కువగా పాత అనువాదాన్నే వాడుకున్నాయి.