నూనె పుట్టిన రాతిని వెతికిన జేమ్స్ యంగ్

నూనె ఊరిన చోటును కాక, అది పుట్టిన రాతినే లక్ష్యంగా చేసుకోవడం నేటి షేల్ అన్వేషణకు మూలసూత్రం. ఆ ఆలోచనను పరిశ్రమగా నిలబెట్టిన తొలితరం వారిలో స్కాట్లాండ్ రసాయన శాస్త్రజ్ఞుడు జేమ్స్ యంగ్ ముఖ్యుడు.

1811లో గ్లాస్గోలో ఒక వడ్రంగి ఇంట జన్మించిన యంగ్, పగలు తండ్రి వద్ద పనిచేస్తూ సాయంత్రం తరగతులలో థామస్ గ్రాహం వద్ద రసాయన శాస్త్రం అభ్యసించారు. 1847లో డెర్బీషైర్‌లోని ఒక బొగ్గు గనిలో ముడి నూనె ఊరుతున్నదని మిత్రుడు లయన్ ప్లేఫేర్ ఆయనకు తెలియజేశారు. యంగ్ దానిని శుద్ధి చేసి దీపాలకు నూనెగా, యంత్రాలకు కందెనగా విక్రయించారు. కొన్నేళ్లలోనే ఊట సన్నగిల్లింది.

మరొకరైతే ఇంకో ఊటకోసం వెతికేవారు. యంగ్ మాత్రం ఆ నూనె ఎక్కడి నుంచి వచ్చిందని ఆలోచించారు. భూగర్భంలోని వేడికి బొగ్గు నుంచే అది వెలువడి ఉంటుందని ఊహించారు. ఆ వివరణను నేటి శాస్త్రం యథాతథంగా అంగీకరించదు. అయినా దారి చూపింది అదే. బొగ్గును తీవ్రంగా కాల్చితే ప్రధానంగా గ్యాస్ వస్తుంది, తక్కువ వేడిలో బట్టీ పెడితే నూనె దిగుతుంది. ఈ పద్ధతికి ఆయన 1850లో పేటెంట్ పొందారు. మరుసటి ఏడాది బాత్‌గేట్‌లో కర్మాగారం వెలిసింది.

అక్కడి ముడిసరుకు టోర్బేన్‌హిల్ ఖనిజం. అది బొగ్గా, కాదా? బొగ్గు తవ్వుకోవడానికే కౌలుకిచ్చాము గాని దీనికి కాదంటూ భూయజమానులు కౌలుదారులపై దావా వేశారు. 1853లో ఎడిన్‌బరోలో జరిగిన విచారణలో పేరుమోసిన శాస్త్రజ్ఞులు ఇరుపక్షాలా నిలిచి పరస్పర విరుద్ధంగా సాక్ష్యమిచ్చారు. జ్యూరీ కౌలుదారుల పక్షాన తీర్పు చెప్పింది. ఒక మాటకు అర్థం తేల్చడానికి ఇంత పెద్ద వ్యాజ్యం నడవడం అరుదే.

1860లలో ఆ ఖనిజం తరిగిపోగా, యంగ్ దృష్టి వెస్ట్ లోథియన్‌లోని షేల్ వైపు, అంటే పొరలు పొరలుగా విడిపోయే నల్లని రాతివైపు మళ్లింది. టన్నుకు దిగుబడి చాలా తక్కువైనా నిక్షేపం ఎంతో విస్తారం. ఆడీవెల్‌లో కొత్త కర్మాగారానికి శంకుస్థాపన చేసినది ఆయన చదువుకునే నాటి మిత్రుడు, ఆఫ్రికా యాత్రికుడు డేవిడ్ లివింగ్‌స్టన్. ఆయన యాత్రలకు యంగ్ ధారాళంగా ధనసహాయం చేశారు.

నిజానికి ఆ రాతిలో ఉన్నది నూనె కాదు, వేడికి నూనెగా మారే జీవసంబంధ పదార్థం. దానికి కెరోజెన్ అనే పేరు 20వ శతాబ్దం ఆరంభంలో ఈ స్కాట్లాండ్ షేల్ నుంచే పుట్టింది. యంగ్ రాతిని పైకి తవ్వి బట్టీలో కాల్చారు. నేటి షేల్ బావులు ప్రకృతి లోపలే వండిన నూనెను, వాయువును రాతిని చిట్లించి రప్పిస్తాయి. రాతిలో జీవపదార్థం ఎంత, దానికి ఎంత వేడి తగిలింది, పొర ఎంత మందం, ఎంత దూరం పరచుకుంది అన్నవి ఇప్పటి అన్వేషకుల తొలి ప్రశ్నలు.

యంగ్ 1883లో మరణించారు. స్కాట్లాండ్ షేల్ పరిశ్రమ 1962 వరకు సాగింది. కాల్చి పారబోసిన రాతి ఎర్రని గుట్టలు వెస్ట్ లోథియన్‌లో నేటికీ కనిపిస్తాయి.