ఈసీఐఎల్ బోర్డు వెనక ఉన్న మనిషి



మన గుట్ట నుంచి హైదరాబాద్ వెళ్లినప్పుడు ఉప్పల్ దగ్గర ఈసీఐఎల్ బోర్డు పెట్టుకున్న సిటీ బస్సులు చూసే ఉంటారు. ఆ దారిలోనే ఏఎస్ రావు నగర్ వస్తుంది. ఆ పేరు ఎవరిదని ఏడో తరగతిలో అడిగితే, ఒకరు ఎమ్మెల్యే అన్నారు, ఇంకొకరు బిల్డర్ అన్నారు. అందుకే ఈ నెల ఆయన గురించి రాస్తున్నాను.

అయ్యగారి సాంబశివరావు గారు 1914లో భీమవరం దగ్గరి మోగల్లులో పుట్టారు. కాశీలో, బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చేసి అక్కడే పాఠాలు చెప్పారు. తర్వాత అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివారు. తిరిగొచ్చి బొంబాయిలో హోమీ భాభా గారి బృందంలో చేరారు.

1956 ఆగస్టు 4న ట్రాంబేలో మన మొదటి అణు రియాక్టర్ అప్సర పని మొదలుపెట్టింది. ఇంధనం బ్రిటన్ నుంచి వచ్చింది. దాన్ని అదుపులో ఉంచే ఎలక్ట్రానిక్ పరికరాలను మాత్రం సాంబశివరావు గారి బృందం ఇక్కడే తయారుచేసింది.

అందులో కష్టమేముంది అనుకుంటున్నారా? మన ఇంట్లో వోల్టేజీ తగ్గితే ఫ్యాన్ నెమ్మదిస్తుంది, అంతే. రేడియేషన్ కొలిచే గీగర్ ట్యూబుకు వందల వోల్టులు నిలకడగా అందాలి. అవి బాగా పడిపోతే, ఉన్న రేడియేషన్ కూడా లెక్కకు రాదు. కాబట్టి పరికరం ఎంత మంచిదైనా, ముందు దాని పవర్ సప్లై నమ్మదగినదై ఉండాలి. ఇది పుస్తకం చదివితే అర్థమవుతుంది. చేతికి రావాలంటే మాత్రం కూర్చుని కట్టాలి, పాడైతే విప్పి మళ్లీ కట్టాలి.

1967 ఏప్రిల్ 11న హైదరాబాద్‌లో ఈసీఐఎల్ ఏర్పడింది. దానికి మొదటి మేనేజింగ్ డైరెక్టర్ ఆయనే. అణు విద్యుత్ కేంద్రాల పరికరాలతో పాటు కంప్యూటర్లు, అమ్మమ్మల ఇళ్లలో ఒకప్పుడు ఉన్న ఈసీ టీవీలు అక్కడ తయారయ్యాయి. 1972లో ఆయనకు పద్మభూషణ్ వచ్చింది. 2003లో కన్నుమూశారు.

ఐదేళ్ల తర్వాత, 2008లో చంద్రయాన్-1 వెళ్లింది. దాని సంకేతాలు అందుకోవడానికి బెంగళూరు దగ్గర బైలాలులో 32 మీటర్ల వెడల్పున్న యాంటెన్నా నిలబెట్టారు. దాన్ని తయారుచేసింది ఈసీఐఎల్. గాలివానకు మన డాబా మీది డిష్ కాస్త పక్కకు తిరిగితేనే టీవీ ఆగిపోతుంది కదా! అంత పెద్ద డిష్ ఎండలో, గాలిలో ఆరుబయట ఉండి, సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరంలోని చంద్రుడి వైపు గురి తప్పకుండా తిరగాలి. ఆయన చూడలేదు గానీ, ఆయన నిలబెట్టిన సంస్థ ఆ పని చేసింది.

ఒక మాట ఒప్పుకుంటాను. ఓమ్స్ లా నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. సోల్డరింగ్ ఐరన్ మాత్రం డిగ్రీ అయ్యేదాకా పట్టుకోలేదు. మార్కులు వచ్చాయి, చేయి రాలేదు. మన పిల్లలకు అలా కాకూడదు.

పేరెంట్స్ మీటింగులో కొందరు, పిల్లలు రిమోట్లు విప్పి పాడుచేస్తున్నారని బాధపడుతుంటారు. ప్లగ్ పాయింట్ జోలికి అస్సలు వెళ్లనివ్వకండి. కానీ ఈ ఆదివారం ఒక పాత సెల్స్ టార్చి పిల్లల చేతికిచ్చి, పక్కన కూర్చోండి. విప్పనివ్వండి. మళ్లీ బిగించేదాకా తొందరపెట్టకండి.