అబ్బే కాదు, అబ్బే ఫారియా

ఫస్టియర్ నుంచి మా గ్యాంగ్ గోవా ప్లాన్ వేస్తూనే ఉంది. వాట్సాప్ గ్రూప్ ఉంది, గూగుల్ షీట్ ఉంది, బడ్జెట్ ఉంది. ట్రిప్ ఒక్కటే లేదు. ఈ సెమ్ బ్రేక్‌కి మాత్రం సీరియస్‌గా కూర్చున్నాం. టికెట్లు ఒకడికి, రూమ్ ఇంకొకడికి, చూడాల్సిన ప్లేసుల లిస్టు నాకు అప్పగించారు. రూమ్ కాండోలిమ్ బీచ్ దగ్గర అనుకున్నాం కాబట్టి అక్కడేముందో వెతకడం మొదలుపెట్టాను. బీచ్ షాక్‌ల మధ్యలో ఒక పేరు తగిలింది. అబ్బే ఫారియా.

గ్రూప్‌లో పెడితే మా రూమ్మేట్ నేనేదో వద్దంటున్నాను అనుకుని, ఎందుకు వద్దని అడిగాడు. ఇది మన అబ్బే కాదు, ఫ్రెంచి వాళ్ళు మతగురువుని పిలిచే మాట అని చెప్పాల్సి వచ్చింది.

ఆయన అసలు పేరు జోసె కుస్తోదియో ద ఫారియా. 1756 మే 31న కాండోలిమ్‌లో పుట్టాడు. అప్పుడు గోవా పోర్చుగీసు వాళ్ళ చేతిలో ఉండేది. అమ్మానాన్నలకి పడలేదు, విడిపోయారు. తండ్రి చర్చిలో ఫాదర్ అయ్యాడు, తల్లి సన్యాసిని అయ్యి పాత గోవాలోని కాన్వెంట్‌లో చేరింది. పిల్లాడికి 15 ఏళ్ళప్పుడు, 1771లో, తండ్రి వాణ్ణి వెంటబెట్టుకుని లిస్బన్ చేరాడు. అక్కణ్ణుంచి రోమ్ పంపించి చదివించాడు. 1780లో ఫారియా కూడా ఫాదర్ అయ్యాడు, డాక్టరేట్ కూడా వచ్చింది.

నేను ఆగిపోయింది ఆ తర్వాతి కథ దగ్గర. గోవాలో ఇప్పటికీ చెప్పుకుంటారట. లిస్బన్‌లో రాణిగారి ముందు ప్రసంగం చెయ్యమని ఫారియాని పిలిచారు. మెట్లెక్కి నిలబడ్డాడు, కింద పెద్ద పెద్ద వాళ్ళు. నోరు పెగల్లేదు. అప్పుడు కింద ఉన్న తండ్రి మెల్లగా కొంకణిలో, వీళ్ళంతా ఒట్టి కూరగాయలేరా, కోసెయ్ అన్నాడట. అంతే, భయం పోయి గడగడా మాట్లాడేశాడు. సొంత భాషలో చిన్న మాట మనసుని అలా ఎలా మార్చిందని ఆయన చాలాకాలం ఆలోచించాడని అంటారు.

ఇది చదువుతుంటే నా టెక్నికల్ సెమినార్ గుర్తొచ్చింది. మూడో స్లైడ్ దగ్గర నేను ఆగిపోయాను. సబ్జెక్ట్ తెలుసు, స్లైడ్లు నేనే చేసుకున్నాను. చిన్నప్పట్నుంచి ఇంగ్లిష్ మీడియమే. అయినా ఒక్క ఇంగ్లిష్ ముక్క రాలేదు, తెలుగూ రాలేదు. థాంక్యూ చెప్పి దిగిపోయాను. ఆ తర్వాత క్లాసులో డౌట్ అడగడం కూడా మానేశాను. ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు.

సరే, ఫారియా దగ్గరికి వద్దాం. 1787లో గోవాలో పోర్చుగీసు పాలన మీద పింటోల తిరుగుబాటు ప్లాన్ జరిగింది, బయటపడింది, చాలామందికి మరణశిక్ష పడింది. తండ్రీ కొడుకుల మీద కూడా అనుమానం వచ్చింది. 1788లో ఫారియా పారిస్ వెళ్ళిపోయాడు. మరుసటేడే ఫ్రెంచి విప్లవం! 1795లో అందులో ఒక దళాన్ని కూడా నడిపించాడు. 1811లో ఫిలాసఫీ ప్రొఫెసర్ అయ్యాడు.

1813లో పారిస్ తిరిగొచ్చి, జనం ముందు మనుషుల్ని నిద్రలాంటి స్థితిలోకి పంపే ప్రదర్శనలు మొదలుపెట్టాడు. అప్పటికి మెస్మర్ అనే డాక్టర్ సిద్ధాంతం బాగా పేరు మోసింది. మనుషుల్లో ప్రవహించే ఒక అయస్కాంత ద్రవం వల్లే ఇదంతా జరుగుతుందని ఆయన అనేవాడు. ఫారియా అది తప్పన్నాడు. ద్రవమూ లేదు, నా చేతిలో మాయా లేదు, జరిగేదంతా ఎదుటివాడి మనసులోనే, నేను మాట మాత్రమే ఇస్తాను అన్నాడు. ఈ రోజు మనం సజెషన్ అంటున్నది అదే. హిప్నాటిజం అన్న మాట వాడకంలోకి వచ్చేసరికి ఆయన పోయి 20 ఏళ్ళు దాటింది.

కానీ పారిస్ ఆయన్ని నవ్వులపాలు చేసింది. ఒక నటుడు వచ్చి నిద్రపోయినట్టు నటించి, కళ్ళు తెరిచి మోసం అని అరిచాడు. 1816లో ఆయన మీద వెక్కిరింపు నాటకం వేశారు. జనం రావడం మానేశారు. ఆయన మాత్రం కూర్చుని పుస్తకం రాశాడు. అది అచ్చయిన 1819లోనే, సెప్టెంబరు 20న చనిపోయాడు. పారిస్‌లో సమాధి ఎక్కడో గుర్తు కూడా లేదు. 1844లో అలెగ్జాండర్ డ్యూమా నవల ద కౌంట్ ఆఫ్ మోంటెక్రిస్టోలో జైల్లో ఉండే ముసలి ఫాదర్‌కి ఈయన పేరే పెట్టాడు, కాకపోతే ఇటలీ వాణ్ణి చేసేశాడు. సైన్సు వాళ్ళు ఆయన చెప్పింది కరెక్టేనని ఒప్పుకోడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

ఒక నటుడు నవ్వించాడని ఆయన మాట తప్పైపోలేదు. మూడో స్లైడ్ దగ్గర ఆగిపోయానని నాకు ఏమీ రాదని కాదు. ఇది నాకు నేను చెప్పుకోడానికి రెండు వందల ఏళ్ళ కిందటి గోవా మనిషి కావాల్సి వచ్చింది.

పణజీలో మాండోవి నది పక్కన, పాత సెక్రటేరియట్ దగ్గర, 1945లో పెట్టిన ఆయన విగ్రహం ఉంది. వెనక్కి వాలిపోతున్న ఒకామె మీదుగా చేతులు చాచి నిలబడి ఉంటాడు. షీట్‌లో రెండో రోజు పొద్దున ఆ లైను చేర్చాను. గ్యాంగ్‌లో ఇద్దరు బీచ్ టైమ్ తగ్గిపోతుందని గొడవ చేస్తున్నారు. నేను తియ్యను.

తిరిగొచ్చిన వారానికి మినీ ప్రాజెక్ట్ ప్రెజెంటేషన్. మొదటి స్లైడ్ నేనే చెప్తానని టీమ్‌కి మెసేజ్ పెట్టేశాను. భయం ఇంకా ఉంది. కూరగాయలు కూడా రెడీగా ఉన్నాయి. ఆ రోజు ముందు వరసలో కూర్చునేవాళ్ళు మాత్రం ఏమీ అనుకోకండి, ప్లీజ్.