కాటన్ దొర, నీటి దెబ్బ

కోనసీమలో కాటన్ దొర బొమ్మలేని ఊళ్ళు తక్కువ. 1803లో పుట్టి, కంపెనీ సైన్యంలో ఇంజనీరుగా వచ్చిన ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టాడు. అడుగంతా ఇసుక. కట్ట మీంచి దూకే వరదనీరు పడ్డచోటల్లా గుంట తవ్వుతుంది. ఆ గుంట పునాది కిందికి పాకిందా, కట్ట కూలినట్టే! 1836లో కొల్లిడం మీద కట్టినప్పుడే ఆయన ఈ పాఠం నేర్చాడు. అందుకే గోదావరిలో నీరు పడేచోట బండరాళ్ళు పరిపించాడు.

ఆ రాళ్ళు మోసింది దొరగారు కాదు. వీణం వీరన్న పనులు చూస్తే, వేలాది కూలీజనం నడుములు వంచారు. వాళ్ళ పేర్లు మేము చూసిన ఏ బొమ్మ దిమ్మె మీదా లేవు. 1852లో ఆనకట్ట పూర్తయింది. నీరు గన్నవరం అక్విడక్టు మీదుగా వైనతేయ దాటి రాజోలు వైపు సాగింది. పంటతోపాటు కంపెనీవాడి శిస్తూ పెరిగింది. కాటన్ 1899లో ఇంగ్లండులో పోయాడు.