బాడ్ మానమునకు బేరిచ్చిన బోదో మహాశయుడు

వోల్టు, ఆంపియరు, వాటు మొదలగు మానములు మహనీయుల నామములే యని విద్యార్థు లెఱుగుదురు. తీగెపై బాఱు సంకేతముల వేగమును గొలుచు బాడ్ అను మానమును నట్టిదే. ఆ నామమునకు మూలపురుషుడు రైతు బిడ్డ. ప్రాథమిక పాఠశాలకు మించి చదివినవాడు గాడు. కావున నాతని చరిత్రము మన పల్లెల బాలబాలికలు తెలిసికొనదగినది.

ఎమీల్ బోదో 1845వ సంవత్సరము సెప్టెంబరు 11వ తేదీన ఫ్రాన్సుదేశమున మాన్యో యను గ్రామమందు జన్మించెను. చిన్ననాట తండ్రి సేద్యమునకు దోడ్పడుచుండి, 1869లో తంతిశాఖయందు శిక్షార్థిగా బ్రవేశించెను. మఱుసటి యేట ఫ్రాన్సునకును బ్రష్యాకును యుద్ధము రాగా గొంతకాలము సైన్యమున సేవచేసెను.

అప్పటి మోర్సు పద్ధతిలో నక్షరముల నిడివి సమానము గాదు. ఒక యక్షరమున కొక చుక్క చాలును, వేఱొకదానికి నాలుగు గుర్తులు వలయును. అదియుగాక మనుష్యుని చేతికంటె దీగె మిక్కిలి వేగము గలది. ఉద్యోగి యొక యక్షరమును మీటులోపల దీగె యూరక యుండెడిది. బోదో యీ వ్యర్థమును గనిపెట్టెను. ప్రతి యక్షరమునకు సమానకాలము గల యైదు గుర్తుల నేర్పఱచెను. ఒక్కొక్క గుర్తు ఉండుటయో లేకుండుటయో రెండే విధములు; రెంటిని అయిదుమార్లు హెచ్చవేయగా 32 కూర్పులు వచ్చును. పిదప, తిరుగుడు యంత్రము నొకదానిని గల్పించి, యొకే తీగెను బలువురు ఉద్యోగులకు వంతులవారీగా నిచ్చెను. ఊరిచెఱువు నీటిని రైతులు వంతులు వేసికొని పాఱించుకొనునట్లే యిదియు.

పై యధికారు లాతని నుత్సాహపఱచిరి గాని, యీ పనికి ధనసహాయము చేయరైరి. కొలువు చేసికొనుచు మిగిలిన వేళలయందే యాతడు పాటుపడి 1874లో పేటెంటు పొందెను. 1877 నవంబరులో బారిసు, బోర్డో నగరముల నడుమ నీ యంత్రము పనిలోనికి వచ్చెను. 1878 పారిసు ప్రదర్శనమున నాతనికి బంగారు పతకము లభించెను.

కీర్తివెంట గష్టమును వచ్చెను. మిమో యను మఱియొకడు ఆ యైదు గుర్తుల పద్ధతి తనదని వ్యాజ్యము వేసెను. మొదట న్యాయస్థానము మిమో పక్షమున దీర్పు చెప్పెను. తరువాత నది రద్దయ్యెను. బోదో మనస్సు మిక్కిలి కలతపడినను బని మానలేదు. 1903 మార్చి 28వ తేదీన, 57 ఏండ్ల ప్రాయమున, నాతడు కాలధర్మము నొందెను. 1926లో బెర్లినులో గూడిన యంతర్జాతీయ తంతిసభలో, సెకను కొక సంకేతమును బాడ్ అని పిలువవలెనన్న సూచన వచ్చి, పిదప లోకమంతట నంగీకృతమయ్యెను.

ఈ మానమును సరిగా నెఱుగుట యెట్లో చూతము. టెలిప్రింటరు వేగము 50 బాడ్. అక్షరమునకు మొదలు, తుద గుర్తులతో గూడ ఏడున్నర భాగములు పట్టును. 50ని 7.5చే భాగింపగా సెకనుకు 6.67 అక్షరములు, అనగా నిమిషమునకు 400 వచ్చును. మనదేశమున దంతివార్తల సేవ 2013 జూలైలో ముగిసినను, ఈ లెక్క ముగియలేదు. నేటి డిజిటలు టెలిఫోను మార్గమున నొక్కొక్క వంతు సెకనుకు 64,000 బిట్లు. అట్టి 32 వంతులు గలిసి 20,48,000 బిట్లగును. బోదో వంతుల పద్ధతియే యిందు నిలిచియున్నది.

మన పెద్దలు 8 తవ్వ లొక కుంచమనిరి. అట్లే 8 బిట్లు ఒక బైటు. తవ్వలను గుంచములని చెప్పిన ధాన్యము లెక్క తప్పినట్లే, బిట్లను బైట్లని తలచినచో మార్గము లెక్క ఎనిమిది రెట్లు తప్పును. బాడ్ వేఱు, బిట్టు వేఱు. ఒక సంకేతము 16 రూపములలో నొకటి కాగలదేని యది 4 బిట్లను మోయును.

మన ఖమ్మము భద్రాచలముల యడవి సరిహద్దున, చర్ల, దుమ్ముగూడెముల దిక్కునకు మార్గము వేయువా డీ మూటిని కలపరాదు. ఊహకొక యుదాహరణము చెప్పుదును. గోపురములనడుమ సెకనుకు 10 లక్షల సంకేతములు పోవుచున్నవనుకొందము. ఒక్కొక్కటి 4 బిట్లు మోయగా మొత్తము 40 లక్షల బిట్లు. 8చే భాగింపగా 5 లక్షల బైట్లు. ఏజెన్సీ యాసుపత్రినుండి 150 లక్షల బైట్ల ఎక్సురే చిత్రమును ఖమ్మము వైద్యునకు బంపుటకు 30 సెకనులు పట్టును. బిట్లే బైట్లని తలచినవాడు నాలుగు సెకనులు చాలుననుకొని, తక్కువ మార్గమును వేయును. పది చిత్రము లొకేమారు వచ్చిననాడు అయిదు నిమిషములు పట్టును. ఆ కాలము రోగిది గాని లెక్కవేసినవానిది గాదు.

2022 జూలైలో కేంద్ర మంత్రివర్గము, అంతవఱకు మొబైలు సేవ చేరని 24,680 గ్రామములకు నాలుగవతరపు సేవ నందించు పథకము నంగీకరించెను. అట్టి పనులకు లెక్క యెఱిగినవారు కావలయును.

విద్యార్థులారా, బోదో ధనికుడు గాడు, కళాశాల చూచినవాడు గాడు. తీగె యూరక యుండు క్షణమును గనిపెట్టి, దాని నితరుల కుపయోగపఱచెను. మీరు లెక్కలపుస్తకమున సంఖ్య ప్రక్క మానము వ్రాయునపుడు ఆతనిని తలపుడు. మానము లేని సంఖ్య, కుంచమో తవ్వయో తెలియని ధాన్యము వంటిది.