వాయించడం నేర్వని వాద్యశిల్పి – లియో ఫెండర్

ఉస్మానియా విశ్వవిద్యాలయంలోని ఠాగూర్ ఆడిటోరియంలో గాని, ఆర్ట్స్ కళాశాల ఎదుటి ఆరుబయట గాని విద్యార్థుల వాద్యబృందం పాడుతున్నప్పుడు సభాసదుల చూపులు గాయకుని మీదనో, చురుకైన వ్రేళ్ళుగల గిటారు వాదకుని మీదనో నిలుస్తాయి. డ్రమ్ముల ప్రక్కన నిలబడి నాలుగు లావుపాటి తీగల గిటారును వాయించే యువకుణ్ణి ఎవరూ అంతగా చూడరు. అతడు వాయించేది మంద్రస్థాయి. అది చెవికి వినబడడం కంటె గుండెకు తగలడం ఎక్కువ. అతడు ఒక్క క్షణం ఆగినాడంటే మాత్రం, లోపించినది ఏమిటో తెలియకపోయినా ఏదో లోపించిందని ప్రతి శ్రోతకూ తెలుస్తుంది. కచేరి ముగిసిన తరువాత ఆ వాద్యాన్నీ దాని ఆంప్లిఫయరునూ తార్నాకలోని అద్దెగదికి మోసుకొనిపోయి, మేడమెట్లు ఎక్కించే శ్రమ కూడా అతనిదే. ఈ బేస్ గిటారును లోకంలో వ్యాపింపజేసినవాడూ, దానికి తగిన ఆంప్లిఫయరు కోసం తంటాలుపడిన తొలివారిలో ఒకడూ లియో ఫెండర్ అనే అమెరికను. ఆయనకు గిటారు వాయించడం రాదు. దానికి శ్రుతి కూర్చడం సైతం ఆయన నేర్చుకోలేదు.

క్లారెన్స్ లియోనిడాస్ ఫెండర్ 1909 ఆగస్టు 10వ తేదీన కాలిఫోర్నియా రాష్ట్రంలో, ఆనహైమ్, ఫుల్లర్టన్ అనే రెండు ఊళ్ళకు నడుమనున్న ఒక నారింజతోటలో పుట్టినాడు. ఎనిమిదవ ఏట ఎడమకంటిలో కంతి లేచి, ఆ కన్ను తీసివేసి గాజుకన్ను అమర్చవలసివచ్చింది. మోటారుబండ్ల విద్యుత్పరికరాల దుకాణం నడిపే బంధువొకడు, పదమూడేళ్ళ ఆ బాలునికి ఒక పెట్టెనిండా పారవేసిన రేడియో భాగాలనూ, ఒక బ్యాటరీనీ పంపినాడు. ఆ మరుసటి ఏడు బంధువు దుకాణానికి పోగా, అక్కడ వాకిట పెట్టిన రేడియో బూరనుంచి బిగ్గరగా వెలువడుతున్న సంగీతం అతని మనస్సును ఆకట్టుకొన్నది. ఆ వయస్సు పిల్లలు పాటకు ముగ్ధులవుతారు. ఈ పిల్లవాడు పాట అంత గట్టిగా ఎట్లా వస్తున్నదా అన్న ప్రశ్నకు ముగ్ధుడైనాడు.

చదివినది మాత్రం జమాఖర్చుల విద్య. రోడ్ల శాఖలో గుమాస్తాగిరీ, ఒక టైర్ల కంపెనీలో లెక్కలు వ్రాసే పనీ చేసినాడు. మధ్యలో ఒక నాట్యబృంద నాయకుడు కోరగా మైకుసెట్లు తయారుచేసి ఇచ్చినాడు. 1934లో ఎస్తర్ అనే యువతిని వివాహమాడినాడు. ఆర్థికమాంద్యపు రోజులలో ఉద్యోగాలు నిలువక, 1938లో ఆరువందల డాలర్లు అప్పుచేసి, ఫుల్లర్టన్‌లో రేడియో మరమ్మతు దుకాణం తెరిచినాడు. (మన ఆర్ట్స్ కళాశాల భవనానికి ప్రారంభోత్సవం జరిగినది ఆ మరుసటి సంవత్సరమే.)

ఫెండర్‌కు నిజమైన విశ్వవిద్యాలయం ఆ దుకాణమే. ఊరి సంగీతకారులు తమ చెడిపోయిన ఆంప్లిఫయర్లనూ, మైకుసెట్లనూ అక్కడికే తెచ్చేవారు. ఏ వాల్వు త్వరగా కాలిపోతుందో, ఏ అతుకు ప్రయాణంలో ఊడిపోతుందో, ఏ పెట్టె క్రిందపడితే పగులుతుందో ఆయనకు కరతలామలకమైపోయింది. వాద్యం వాయించేవానికి దాని గుణాలు తెలుస్తాయి. మరమ్మతు చేసేవానికి దాని దోషాలు తెలుస్తాయి. తరువాతి కాలంలో ఆయన తయారుచేసిన ప్రతి వస్తువులోనూ ఈ రెండవ జ్ఞానమే కనిపిస్తుంది. విప్పడం సులభం, భాగం మార్చడం సులభం, విరగడం కష్టం. 1945లో డాక్ కాఫ్మన్ అనే మిత్రునితో కలిసి చిన్న వ్యాపారం ఆరంభించి, మరుసటి ఏడు స్వంత సంస్థ నెలకొల్పినాడు. బోలు లేని చదునైన కొయ్యపలకతో ఆయన చేసిన విద్యుత్ గిటారు 1950లో వెలువడి, కొలదికాలంలోనే టెలికాస్టర్ అన్న పేరుతో ప్రసిద్ధమయింది.

అప్పటి నాట్యబృందాలలో మంద్రస్వరాన్ని పలికించే వాద్యం డబుల్ బేస్. అది నిలువెత్తు వాద్యం. కారు కప్పుమీద కట్టి ఊరూరా త్రిప్పవలసినది. మెట్లు లేనందున, సరియైన స్వరస్థానం మీద వ్రేలు పడడానికి ఏళ్ళ సాధన కావాలి. ఇంత కష్టపడి వేదికమీద నిలబెడితే, డ్రమ్ముల మ్రోతలో, విద్యుత్ గిటార్ల హోరులో దాని గొంతు మునిగిపోయేది. 1951లో ఫెండర్ చేసిన కొత్త వాద్యం ఈ మూడు కష్టాలకూ ఒక్క సమాధానం. మెడలో వేసుకొనే గిటారు ఆకారం, ముప్ఫైనాలుగు అంగుళాల తీగ, వీణకువలె మెట్లు, ధ్వనిని విద్యుత్తుగా మార్చే పికప్. మెట్లు ఉన్నందువల్ల స్వరం కచ్చితంగా పలుకుతుంది గనుక, కచ్చితత్వమనే అర్థం వచ్చేట్లు దానికి ప్రెసిషన్ బేస్ అని పేరు పెట్టినాడు. 1930లలోనే సియాటిల్ నగరంలో పాల్ టట్‌మార్క్ అనే ఆయన ఇటువంటి వాద్యాన్ని చేసి ఉన్నాడు. కాని అది వ్యాపించలేదు. ఫెండర్ వాద్యాన్ని లయనెల్ హాంప్టన్ జాజ్ బృందంలో మంక్ మాంట్‌గామరీ చేపట్టి ఊరూరా వినిపించినాడు. అటుపిమ్మట దానికి ఎదురు లేకపోయింది.

ఇంతవరకు విజయగాథ. ఇకమీదిది అంత సాఫీగా సాగలేదు.

బేస్ గిటారులోని అన్నిటికంటె లావుపాటి తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. ఇంత మందమైన కంపనం మన చెవికి తేలికగా అందదు. పైగా స్వరం ఒక స్థాయి క్రిందికి దిగినకొద్దీ, అదే ధ్వనిబలం రావడానికి లౌడ్‌స్పీకరు పొర నాలుగింతల దూరం ముందుకూ వెనుకకూ ఊగవలసి ఉంటుంది. అంటే మంద్రస్వరానికి గాలిని ఎక్కువగా త్రోయాలి. అందుకు శక్తి ఎక్కువగా కావాలి. మామూలు గిటారుకు చాలిన ఆంప్లిఫయరు బేస్ గిటారు ముందు చేతులెత్తివేస్తుంది. ఫెండర్ ఇది ఎరిగినవాడే. 1952లో బేస్‌మన్ అనే ఆంప్లిఫయరును పదిహేను అంగుళాల లౌడ్‌స్పీకరుతో వెలువరించినాడు. అది చాలకపోగా, 1954లో పదేసి అంగుళాల లౌడ్‌స్పీకర్లు నాలుగు పెట్టి మార్చినాడు. ఆ దశాబ్దం చివరికి దాని శక్తి నలభై వాట్లు దాటింది. డ్రమ్ముల ప్రక్కన అదీ చాలలేదు. ధ్వని పెంచినకొద్దీ స్వరం చిట్లి, గరగరమనేది.

ఫెండర్ జీవితమంతా పోరాడినది ఈ గరగర మీదనే. తీగలో పుట్టిన నాదం మచ్చ లేకుండా శ్రోతను చేరాలన్నది ఆయన పట్టుదల. అయితే విధి విచిత్రమైనది. బేస్ వాదకులు పెదవి విరిచిన ఆ ఆంప్లిఫయరును మామూలు గిటారు వాదకులు కండ్లకద్దుకొన్నారు. వారికి ఆ చిట్లిన స్వరమే మధురంగా తోచింది. 1962లో లండనులో జిమ్ మార్షల్ అనే దుకాణదారు తన మొదటి ఆంప్లిఫయరును బేస్‌మన్ నమూనాను అనుసరించే తయారుచేయించినాడు. అనంతరపు రాక్ సంగీతంలో వినవచ్చే భీకరధ్వని చాలవరకు ఆ వంశంలోనిదే. ఫెండర్ దోషమనుకొన్నది లోకానికి అలంకారమయింది!

పెడల్ కథ కూడా ఇట్టిదే. నాష్‌విల్ నగరంలో మార్టీ రాబిన్స్ పాటను రికార్డు చేస్తుండగా, గ్రేడీ మార్టిన్ వాయించిన ఆరుతీగల బేస్ ధ్వని, యంత్రంలోని ఒక భాగం చెడిపోయినందున తుమ్మెద రొదవలె వినవచ్చింది. దానిని పారవేయక అట్లే ఉంచినారు. అది జనానికి నచ్చింది. ఆ చెడిన ధ్వనిని కావాలన్నప్పుడు కాలితో త్రొక్కి తెచ్చుకొనే చిన్న పెట్టె 1962లో ఫజ్-టోన్ అన్న పేరుతో అంగట్లోకి వచ్చింది. నేడు విద్యార్థులు వేల రూపాయలు పోసి కొనే పెడళ్ళలో చాలవాటికి అదే పెద్దక్క.

ఈ చరిత్ర తెలిసిన బేస్ వాదకుడు అంగడిలో తొందరపడడు. పెడళ్ళ రంగులు చూచి మురిసిపోయి, చేతిలోని డబ్బంతా వాటిమీద పెట్టి, మిగిలిన చిల్లరతో ఆంప్లిఫయరు కొనడం తలక్రిందుల పని. ముందు కావలసినది స్వరం చిట్లకుండా మోయగల శక్తి. వాట్లు రెండింతలైతే ధ్వని రెండింతలు కాదు. వినేవానికి రెండింతలుగా తోచాలంటే శక్తి ఇంచుమించు పదింతలు కావాలి. కాబట్టి యాభైకీ నూరుకూ ఉన్న తేడా చెవికి స్వల్పమే. డ్రమ్ములున్న బృందంలో వాయించేవానికి రెండు మూడు వందల వాట్లు అతిశయం కాదు. ఫెండర్ నాటి వాల్వులకు ఇది అలవికాని బరువు. ఇప్పటి కొత్త పద్ధతి ఆంప్లిఫయర్లు రెండు మూడు కిలోలలోనే ఆ శక్తినిస్తున్నవి. తార్నాక మేడమెట్లు ఎక్కేవారికి ఇది చిన్న ఉపకారం కాదు. గోడలున్న సభామందిరంలో మంద్రస్వరం ప్రతిఫలించి నిండుగా వినిపిస్తుంది, ఒక్కొక్కప్పుడు హద్దుమీరి గుమగుమలాడుతుంది కూడా. ఆర్ట్స్ కళాశాల ముందరివంటి ఆరుబయట అదే ఆంప్లిఫయరు సన్నబడిపోతుంది. అక్కడ దానిని వాదకుడు తాను వినడానికి ఉంచుకొని, డీఐ పెట్టె ద్వారా ధ్వనిని పెద్ద మైకుసెట్టుకు అందించడమే మార్గం. ఇక పెడళ్ళలో మొదటిది శ్రుతి చూపే ట్యూనరు. రెండవది హెచ్చుతగ్గులను సమపరిచే కంప్రెసరు. గరగర పుట్టించే పెడల్ కావాలనుకొంటే, అసలు స్వరాన్ని కూడా ప్రక్కనే కలిపి పంపగలిగినది ఎంచుకోవాలి. లేకపోతే మంద్రస్వరపు నిండుదనం కరిగిపోయి రొద ఒక్కటే మిగులుతుంది. డెట్రాయిట్‌లోని మోటౌన్ సంస్థ పాటలకు ప్రాణంపోసిన జేమ్స్ జేమర్సన్‌ను తలచుకొంటే ఇదైనా అధికమనిపిస్తుంది. ఫెండర్ ప్రెసిషన్ బేస్, ఎన్నడూ మార్చని పాత తీగలు, కుడిచేతి చూపుడు వ్రేలు – ఆయన పరికరాలు ఇంతే. రికార్డింగులో ఆ ధ్వని ఆంప్లిఫయరు ముఖం చూడకుండా నేరుగా యంత్రంలోకి పోయేది.

ఫెండర్ సంస్థ పెరిగింది. 1954లో స్ట్రాటోకాస్టర్, 1960లో జాజ్ బేస్ వెలువడినవి. కాని యజమాని ఆరోగ్యం సన్నగిల్లింది. గొంతులో, ముక్కులో నెలకొన్న సూక్ష్మజీవుల వ్యాధి ఏళ్ళతరబడి పీడించగా, తాను ఎక్కువకాలం బ్రతకనని ఆయన నిశ్చయించుకొన్నాడు. 1965 జనవరిలో తన సంస్థను సీబీఎస్ కంపెనీకి ఒక కోటి ముప్ఫై లక్షల డాలర్లకు అమ్మివేసినాడు. ఆ తరువాత కొలది సంవత్సరాలకు మరొక వైద్యుడు చేసిన చికిత్సతో వ్యాధి పూర్తిగా నయమయింది. చావుకు భయపడి సర్వస్వమూ అమ్మినవాడు ఆరోగ్యవంతుడై నిలిచినాడు. చేతిలో ధనమున్నది, చేయడానికి పనిలేదు. పదేళ్ళపాటు పోటీ వ్యాపారం చేయరాదని ఒప్పందం. పైగా, తన పేరే తనది కాదు. ఆ పేరుతో గిటారు అమ్మే హక్కు కొన్నవారిదయింది.

ఇంకొకరైతే తోటలో కుర్చీ వేసుకొని కూర్చొనేవారు. గడువు తీరగానే ఆయన మ్యూజిక్ మన్ అనే సంస్థలో చేరినాడు. 1976లో అక్కడినుంచి వచ్చిన స్టింగ్‌రే బేస్‌లో వాద్యపు బోలులోనే చిన్న ప్రీఆంప్లిఫయరును బ్యాటరీతో సహా అమర్చినారు. ఆంప్లిఫయరు చేరేలోగా స్వరం నీరసపడకుండా, పుట్టినచోటనే దానికి బలం చేకూర్చే ఉపాయమిది. పాతికేళ్ళనాటి చిక్కును ఆయన ఇంకా మరువలేదన్నమాట. 1979లో ఎస్తర్ మరణించింది. ఆ దశాబ్దం ముగిసే వేళకు, పాత సహచరుడు జార్జి ఫుల్లర్టన్‌తో కలిసి జీ అండ్ ఎల్ అనే మూడవ సంస్థను స్థాపించినాడు. ఆ కర్మాగారం ఉన్న వీథి పేరు ఫెండర్ ఎవెన్యూ. ఊరు ఆయన పేరును వీథికి పెట్టుకొన్నది. ఆయన మాత్రం ఆ వీథిలో కూర్చొని తన గిటార్లమీద ఆ పేరు ముద్రించుకోలేకపోయినాడు.

చివరి సంవత్సరాలలో పార్కిన్సన్ వ్యాధి సోకి చేతులు వణికేవి. అయినా రోజూ పనిబల్ల దగ్గరికి వచ్చి, పికప్పులలో అయస్కాంతాలు మార్చి చూచి, బాగా వాయించగలవారిని పిలిపించి వాయింపించి, చెవియొగ్గి వింటూండేవాడు. వారు బాగులేదన్నది విప్పి మళ్ళీ కట్టేవాడు. 1991 మార్చి 20వ తేదీన కూడా పనికి వచ్చినాడు. మరునాడు, తన ఎనభైరెండవ ఏట, కన్నుమూసినాడు.